పాస్టర్ గారిని క్షమించండి, మైకు మాత్రం ఇప్పుడే ఇవ్వకండి

"మా సంఘ కాపరి లైంగికంగా పతనమైన సంగతి బయటపడింది. సగం మంది క్షమించేద్దామంటున్నారు, సగం మంది వెళ్లగొట్టమంటున్నారు. కృపతో నడుచుకోవడమంటే ఏది?" అని ఒకరు అడిగారు. నన్నడిగితే రెండు వర్గాలదీ ఒకటే పొరపాటు. క్షమాపణనీ పదవినీ ఒకే మూటలో కట్టేశారు. క్షమిస్తే మైకు తిరిగిచ్చేయాలని ఒకరు, మైకు తీసేస్తే ఇక మనిషితోనే పని లేదని ఇంకొకరు. ఆ ముడి విప్పకుండా ఎన్ని రోజులు ఉపవాస ప్రార్థనలు పెట్టినా మీ సంఘం చీలుతుంది.

1988 ఫిబ్రవరి 21, ఆదివారం. అమెరికాలోని లూసియానా రాష్ట్రం, బేటన్ రూజ్ పట్టణం. జిమ్మీ స్వాగర్ట్ అప్పటికి ప్రపంచమంతా టీవీలో చూసే సువార్తికుడు. ఒక వేశ్యతో ఆయనకున్న సాంగత్యం ఫోటోలతో సహా ఆయన సంఘ శాఖ అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ పెద్దల చేతికి చేరింది. ఆ ఫోటోలు తీయించింది మార్విన్ గోర్మన్ అనే మరో బోధకుడు. రెండేళ్ల ముందు ఆ గోర్మన్ మీద వ్యభిచార ఆరోపణ చేసి సేవలోంచి దింపించింది స్వాగర్టే. ఆ ఆదివారం స్వాగర్ట్ వేదిక మీద నిలబడి ముందు భార్యను, తర్వాత కొడుకును, సంఘాన్ని, తోటి సేవకులను, చివరికి ప్రభువును క్షమించమని అడిగాడు. చెంపల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి. జనం కూడా ఏడ్చారు. చేసిన పాపం ఏమిటో మాత్రం ఆయన ఆ వేదిక మీద పేరు పెట్టి చెప్పలేదు.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. లూసియానా జిల్లా పెద్దలు మూడు నెలలు వేదిక దిగి ఉంటే చాలన్నారు. అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ జాతీయ పెద్దలు కుదరదు, కనీసం ఏడాది ప్రసంగించకూడదన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఏప్రిల్‌లో ఆయన సేవకత్వ గుర్తింపు రద్దయింది. మే నెలలో, తనకు నచ్చిన ఆ మూడు నెలలు అయిపోగానే, మళ్లీ వేదికెక్కాడు. 1991 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఇండియోలో పోలీసులు ఆయన కారు ఆపినప్పుడు పక్క సీట్లో మళ్లీ ఒక వేశ్య ఉంది. ఈసారి కన్నీళ్లు కూడా లేవు, అది మీకు సంబంధం లేని సంగతి అని సంఘానికి చెప్పేశాడు.

ఆ కన్నీళ్లు దొంగవని నేననను. కానీ కన్నీళ్లను బట్టి పశ్చాత్తాపం తెలియదు. గడువు ఎవరు పెడుతున్నారో చూస్తే తెలుస్తుంది. "మీరు ఎంతకాలమంటే అంతకాలం" అన్నవాడు దారిలో ఉన్నాడు. "నాకు మూడు నెలలు చాలు" అన్నవాడింకా సింహాసనం దిగలేదు. పరాయివాడి భార్యను తీసుకున్న దావీదు రాజుకి నాతాను ప్రవక్త ఏం చెప్పాడో చూడండి. ముందు "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. దావీదు ఒప్పుకోగానే నీ పాపం పరిహారమైందన్నాడు, అదే నోటితో దాని ఫలితం నీ ఇంటి మీదికి వస్తుందనీ చెప్పాడు. క్షమాపణ, పర్యవసానం ఒకే మాటలో వచ్చాయి. మన దగ్గర మొదటిది చెప్పి రెండోది మింగేస్తారు. పైగా "అభిషేకించినవారిని ముట్టకూడదు" అనే 105వ కీర్తన మాటను అడ్డుపెట్టుకుంటారు. అది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు హాని చేయొద్దని దేవుడు రాజులను గద్దించిన మాట. పాస్టర్‌ని ప్రశ్న అడగొద్దని చెప్పిన మాట కాదు.

ఇక మీరు చేయాల్సిన పని. మొదట కృప చూపించాల్సింది ఎవరి మీద చేయి పడిందో ఆ మనిషికి. ఆమెకో అతనికో 18 ఏళ్లు నిండకపోతే పెద్దల విచారణ అన్న మాటే ఎత్తకండి. పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ప్రతివాళ్లూ పోలీసులకు చెప్పి తీరాలి. దాచినవాళ్లకు ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. పిల్లల సహాయ నంబరు 1098కి కూడా ఫోన్ చేయండి. 18 నిండినవాళ్లయితే కేసు పెట్టాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. పెట్టమనీ వద్దనీ ఒత్తిడి చేయకండి.

ఆమె మాట వినడానికి ఇద్దరు వెళ్లండి. ఒకరు స్త్రీ అయి తీరాలి, ఎవరూ పాస్టర్ గారి బంధువులు కాకూడదు. చోటు ఆమె చెప్పినది. ఆమె మాటల్లోనే రాసి, చదివి వినిపించి, తేదీ వేయించి సంతకం తీసుకోండి, ఒక కాపీ ఆమెకే ఇవ్వండి. "నువ్వు ఒంటరిగా ఎందుకెళ్లావమ్మా" అన్న ప్రశ్న నోట రానివ్వకండి. వాట్సాప్ మెసేజీలు చెరిపేయొద్దని చెప్పండి. మందిరంలో సీసీ కెమెరా ఉంటే ఆ రోజే రికార్డు తీసిపెట్టుకోండి, పాతవాటి మీద కొత్తవి ఎక్కి అవి పోతాయి. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతులు కలిపించి ప్రార్థన చేయించడం చాలాచోట్ల జరుగుతుంది. అది ఆమెను రెండోసారి గాయపరచడమే. మత్తయి 18లోని "నీవును అతడును ఒంటరిగా" అన్నది సహోదరుల మధ్య తగవుకు చెప్పిన దారి. కౌన్సెలింగ్ కోసం వచ్చిన మనిషి మీద కాపరి చేయి వేస్తే దాన్ని వివాహేతర సంబంధం అని కూడా అనకండి. అది అధికార దుర్వినియోగం.

పాస్టర్ గారు అదే రోజు అన్నీ ఆపాలి. వాక్యం చెప్పడం, ప్రభు బల్ల ఇవ్వడం, ఇళ్లకు వెళ్లి ప్రార్థించడం, యూట్యూబ్ లైవ్, వాట్సాప్ గ్రూపుల అడ్మిన్ పని, అన్నీ. విచారణ అయ్యేదాకా జీతం ఆపకండి, నేరం ఇంకా తేలలేదు. విచారించే ముగ్గురూ బయటివాళ్లు కావాలి, అందులో ఒక లాయరు, ఒక స్త్రీ ఉండాలి. ఆయన్ని అభిషేకించిన బిషప్ గారో, ఆయనతో సభలకు తిరిగే స్నేహితుడో వద్దు.

డబ్బు సంగతి కూడా ఆ వారమే చూడండి. మన స్వతంత్ర సంఘాల్లో కానుకల క్యూఆర్ కోడ్ పాస్టర్ గారి సొంత ఖాతాకో పాస్టరమ్మగారి ఖాతాకో వెళ్తుంటుంది. మందిరం స్థలం ఎవరి పేరున రిజిస్టరయిందో దస్తావేజు తీసి చూడండి. పెద్దలు నోరు మెదపకపోవడానికి సగం కారణం అక్కడే ఉంటుంది. రవి జకరియాస్ విషయంలో జరిగింది తెలుసు కదా. మద్రాసులో పుట్టి ప్రపంచమంతా విశ్వాసాన్ని సమర్థించిన మనిషి, 2020 మేలో చనిపోయాడు. ఆయన సంస్థే పెట్టిన లాయర్లు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదికలో, మసాజ్ చేసే స్త్రీల మీద ఏళ్ల తరబడి సాగిన లైంగిక దుష్ప్రవర్తనతో పాటు, పేదల సాయానికని ఉన్న నిధిలోంచి అలాంటి కొందరికి డబ్బు వెళ్లిన సంగతీ ఉంది. 2017లోనే కెనడా నుంచి ఒక స్త్రీ చెప్పింది. అప్పుడు సంస్థ ఆయన్నే నమ్మింది. నివేదిక వచ్చాక ఆమెను నమ్మనందుకు బోర్డు బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

ఆదివారం ప్రకటనకు నాలుగు వాక్యాలు చాలు. "మన కాపరి మీద ఒక ఫిర్యాదు వచ్చింది. విచారణ ముగిసేదాకా ఆయన సేవలో ఉండరు. విచారించేవారు మన సంఘం బయటివారు. ఎవరికైనా చెప్పాల్సింది ఉంటే ఈ ఇద్దరిలో ఒకరికి చెప్పండి." శత్రువు దాడి అనీ, సేవకుడి మీద కుట్ర అనీ కలపకండి. బాధితురాలి పేరు చెప్పకండి. లైంగిక నేరాల్లో పేరు బయటపెట్టడమే నేరం. ఫోటో పెట్టి ఎర్ర అక్షరాలు రాసి వ్యూస్ కోసం వీడియోలు చేసే మన క్రైస్తవ చానెళ్లకు ఈ సంగతి ఎవరైనా గట్టిగా చెప్పాలి.

తప్పు రుజువైతే అధికారాన్ని వాడుకున్నవాడు మళ్లీ కాపరి కాకూడదన్నది నా గట్టి అభిప్రాయం. మొదటి తిమోతి పత్రికలో అధ్యక్షుడికి, అంటే సంఘ నాయకుడికి, పెట్టిన మొదటి అర్హతే నిందలేకుండా ఉండడం. అలా కాని పతనమైతే కనీసం ఏడాది, ఆ గడువు పెద్దలదే. ఆ ఏడాదిలో వారానికోసారి ఇద్దరు మగపెద్దలు వెళ్లి కూర్చోవాలి, ఫోన్ చూపించమనాలి, వేరే పని వెతుక్కోవడానికి సాయం చేయాలి. ఇక పాస్టరమ్మగారు. "భార్య సరిగ్గా చూసుకుంటే ఇలా అయ్యేదా" అన్న మాట మొదట మన స్త్రీల కూడికలోనే పుడుతుంది, అక్కడే ఆపండి. మందిరం వెనకగదుల్లో ఉంటున్న కుటుంబాన్ని రాత్రికి రాత్రి ఖాళీ చేయించకండి. మూడు నెలల గడువు, వేరే ఇంటి అద్దె, పిల్లల ఆ ఏటి ఫీజు సంఘం ఖాతాలోంచి ఇవ్వండి.

చివరికి ఆయన ఆరాధనకు ఎక్కడికి వెళ్లాలి? బాధితురాలు మీ సంఘంలోనే ఉంటే ఆమె చోటు ఆమెదే, ఆయనే వేరే సంఘానికి వెళ్లాలి. వెళ్లేముందు ఆ సంఘ పెద్దలకు మీ పెద్దల సంతకాలతో ఉత్తరం పంపండి. ఏం రుజువైంది, ఏ పనులు అప్పగించకూడదు, ఎవరికి ఫోన్ చేసి అడగొచ్చు, ఈ మూడూ అందులో ఉండాలి. ఆ ఉత్తరం ముందు ఆయనకే చదివి వినిపించండి.