సాలెపురుగులు, చెరువులు, సున్నా కథ: ఇలా చదివే అమ్మాయికి ఏ ఉద్యోగం?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బీజెడ్‌సీ ఫైనలియర్. మార్కులు బాగానే వస్తాయి కానీ క్లాసు పుస్తకాల కంటే బయటి పుస్తకాలే ఎక్కువ చదువుతుంది. ఒక నెల సాలెపురుగుల మీద, ఇంకో నెల కాకతీయుల చెరువుల మీద, ఆ తర్వాత పత్తి వ్యాపారం చరిత్ర, మొన్నటి నుంచి సున్నా ఎలా పుట్టిందో చెప్పే లెక్కల పుస్తకం. అన్నీ లావుపాటి ఇంగ్లిషు పుస్తకాలు, సగం పేజీ ఫుట్‌నోట్సే. ఆదివారం హైదరాబాద్ వెళ్తే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికి తెచ్చుకుంటుంది. బ్యాంకు కోచింగ్‌లో చేరమంటే మొహం మాడ్చుకుంటోంది. మరేం చేస్తావమ్మా అంటే "ఇలాంటి పుస్తకాలతోనే ఉండే పని" అంటుంది. అలాంటి పని ఒకటుందా సార్? నేను ఎరువుల షాపు నడుపుకునేవాణ్ణి, నాకీ లోకం తెలియదు. టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి, మిర్యాలగూడ)

జవాబు: తెలియదంటూనే ఏ పుస్తకం దేని గురించో పూసగుచ్చినట్టు రాశారు సార్. అంటే కోప్పడుతూనే మీరూ ఆ అట్టలు తిప్పి చూస్తున్నారన్నమాట. మంచిదే, నా పని సగం తగ్గింది.

ముందు చేదు మాట చెప్పేస్తాను. కూర్చుని చదివినందుకు ఎవరూ జీతం ఇవ్వరు. "పుస్తకాలంటే ఇష్టం" అని ఇంటర్వ్యూలో చెబితే ఎదుటివాళ్లు చిన్నగా నవ్వి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు. కానీ అలాంటి ఒక్క పుస్తకం బయటికి రావడానికి రచయిత కాకుండా ఇంకో పదిమంది పనిచేస్తారు, వాళ్లందరికీ ఏదో ఒక జీతం ఉంటుంది. వాళ్లెవరో తెలుసుకోవడానికి నా దాకా రానక్కర్లేదు. మీ అమ్మాయి దగ్గరున్న ఏ పుస్తకమైనా తీసి మొదట్లోనో చివర్లోనో ఉండే కృతజ్ఞతల పేజీ చదవమనండి. అందరూ దాటేసే పేజీ అది. ఫలానా ఆర్కైవ్స్‌లో పాత ఫైళ్లు వెతికిపెట్టినవారు, ఫలానా లైబ్రేరియన్, రాతప్రతి అడిగి తెప్పించుకున్న ఎడిటర్, వాక్యం వాక్యం సరిచేసిన కాపీ ఎడిటర్, మ్యాపులు గీసినవారు, ఇండెక్స్ తయారుచేసినవారు... వరసగా ఉంటారు. ఆ పేజీలో ప్రతి పేరూ ఒక ఉద్యోగమే. వాటిలో మీ అమ్మాయి మనసు దేనివైపు లాగుతుందో తేలితే మిగతాదంతా ఫీజులు, దరఖాస్తుల సంగతే.

అది తేల్చడానికి ఒక చిన్న పరీక్ష పెట్టండి. కాకతీయుల పుస్తకంలో ఒక అధ్యాయం తీసుకుని, ప్రచురణకర్త ఇచ్చిన ఇండెక్స్ చూడకుండా సొంతంగా ఒకటి తయారుచేయమనండి. ఏ పేరు, ఏ విషయం ఏ పేజీలో ఉందో రాయడమే కదా, పదో తరగతి పిల్లలు కూడా చేస్తారనిపిస్తుంది. గంటలో తెలుస్తుంది అసలు కథ. 1158 నుంచి 1195 దాకా ఏలిన రుద్రదేవుణ్ణే మొదటి ప్రతాపరుద్రుడు అని కూడా అంటారు. రుద్రమదేవిని శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని రాశారు. ఆమె తర్వాత వచ్చిన ఆమె మనవడు మళ్లీ ప్రతాపరుద్రుడు. ఇప్పుడు 84వ పేజీలో ఉత్తినే "రుద్రదేవుడు" అని ఉందనుకోండి, ఆ అంకె ఎవరి పేరు పక్కన వేయాలి? తాత ముత్తాతల దాకా వెళ్లి, ఆ శాసనం ఏ సంవత్సరానిదో చూసి గానీ తేల్చలేం. ఆ తర్వాత "చెరువు" అన్న మాట. చెరువుల పుస్తకంలో అది ప్రతి పేజీలోనూ ఉంటుంది, అన్ని పేజీల నంబర్లూ వేస్తే ఆ ఇండెక్స్ ఎందుకూ కొరగాదు. తవ్వించడం, మరమ్మతు, తూములు, నీటి పంపకం, తగాదాలు అని విడగొట్టాలి. అలా విడగొట్టాలంటే రచయిత ఏం చెబుతున్నాడో అర్థమై తీరాలి.

ఈ పని ఇస్తే కొందరు పిల్లలు అరగంటకే ఫోన్ తీసేస్తారు. కొందరు అన్నానికి పిలిచినా రారు. మీ అమ్మాయి రెండో రకమైతే, తను అడుగుతున్న పని నిజంగానే ఉంది, దాని పేరు అకడమిక్ పబ్లిషింగ్, అంటే ఇలాంటి చదువు, పరిశోధన పుస్తకాల్ని తయారుచేసి వేసే పని.

దీనికోసం ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు. చరిత్ర, సామాజిక శాస్త్రాల్లో దేశమంతా పేరున్న ఓరియంట్ బ్లాక్‌స్వాన్ ఆఫీసు హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లోనే ఉంది, సైన్సు పుస్తకాలు వేసే యూనివర్సిటీస్ ప్రెస్ కూడా హైదరాబాద్‌దే. ఇవి కాక చెన్నై, పుదుచ్చేరి, నోయిడా లాంటి చోట్ల విదేశీ ప్రచురణ సంస్థల సైన్సు, వైద్య పుస్తకాలకి, జర్నళ్లకి కాపీ ఎడిటింగ్, పేజీలు కట్టడం లాంటి పనులు చేసిపెట్టే కంపెనీలు చాలానే ఉన్నాయి. వాటిలో సైన్స్ డిగ్రీ ఉన్నవాళ్లకి గిరాకీ. ఎందుకంటారా? మీ అమ్మాయికి ఈ ముక్క చదివి వినిపించండి, తనకి వెంటనే అర్థమవుతుంది. నల్లతుమ్మని అకేసియా నిలోటికా అని, వేపని అజాడిరక్టా ఇండికా అని ఒకసారి పూర్తిగా రాసి, తర్వాత నుంచి మొదటి మాటని ఒక్క అక్షరానికి కుదించి "ఎ. నిలోటికా", "ఎ. ఇండికా" అని రాయడం మామూలే. రెండూ ఒకే పేరాలో వస్తే ఆ "ఎ" ఏ చెట్టుదో పాఠకుడికి తికమక. పైగా నల్లతుమ్మకి ఇప్పుడు వాచెల్లియా నిలోటికా అని పేరు మార్చారు, పాత పేరు వాడిన రచయితని మర్యాదగా అడగాలి: కావాలనే అలా ఉంచారా, మార్చమంటారా? ఎంత ఇంగ్లిషు వచ్చినా బోటనీ చదవనివాళ్లకి ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఉందన్న సంగతే తట్టదు.

జీతం విషయం దాచను. మొదట్లో తక్కువే ఉంటుంది, పక్కింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయితో పోల్చి చూస్తే మీకు నిద్రపట్టదు, కాబట్టి పోల్చకండి. ఇలాంటి పుస్తకాలు చాలావరకు కొన్ని వందల కాపీలే వేస్తారు, ఎక్కువగా లైబ్రరీలే కొంటాయి, అందులో డబ్బు వరదలా పారదు. ఇక ఏఐ వచ్చి కాపీ ఎడిటర్ల పని తినేస్తుందా అని మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు మీ చెవిన వేస్తారు. కామాలు, స్పెల్లింగులు సరిచేసే పని నిజంగానే తగ్గుతోంది. ఐతే అదే ఏఐ, లేని పుస్తకాలకి కూడా పేరూ సంవత్సరం తగిలించి రిఫరెన్సు పుట్టిస్తుంది. అది ఉందో లేదో చూసేవాళ్లు, ఒక్కో ఫుట్‌నోటునీ అనుమానంగా చూసేవాళ్లు ఇంకా కావాలి. అందుకే ఉత్త ఇంగ్లిషు నమ్ముకుని రావద్దనీ, ఒక సబ్జెక్టు చేతిలో ఉంచుకుని రమ్మనీ చెబుతాను.

కోర్సులంటే, నేషనల్ బుక్ ట్రస్ట్ అప్పుడప్పుడు పబ్లిషింగ్‌లో స్వల్పకాలిక శిక్షణ పెడుతుంది. ఇగ్నోలో బుక్ పబ్లిషింగ్ పీజీ డిప్లొమా ఉంది. నన్నడిగితే సర్టిఫికెట్ కంటే ఆ చేతిరాత ఇండెక్స్ చూపించడం మేలు. చాలా చోట్ల డిగ్రీ చూడకముందే ఎడిటింగ్ టెస్ట్ పెడతారు.

రెండో దారి లైబ్రరీ. దీన్ని మన ఇళ్లలో మరీ చులకనగా చూస్తారు, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకునే ఉద్యోగం అనుకుంటారు. ఎస్.ఆర్. రంగనాథన్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల మాస్టారు, 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యారు. పుస్తకాల్ని విషయాలవారీగా అమర్చడంలో ఉన్న లెక్కంతా పట్టుకుని కోలన్ వర్గీకరణ అనే పద్ధతినే తయారుచేశారు. ఆయన 1962లో బెంగళూరులో మొదలుపెట్టిన లైబ్రరీ శిక్షణ, పరిశోధన కేంద్రం డీఆర్‌టీసీ ఇప్పటికీ నడుస్తోంది, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కింద లైబ్రరీ సైన్సులో రెండేళ్ల ఎంఎస్ ఇస్తుంది. సాలెపురుగుల పక్కన చెరువులు, వాటి పక్కన సున్నా పేర్చుకునే బుర్రకి అది సరిపోయే చోటు. ప్రవేశ పరీక్ష ఉంటుంది, అర్హతలు ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి. అంత దూరం వద్దనుకుంటే డిగ్రీ అయ్యాక ఏడాది బీఎల్‌ఐఎస్సీ (లైబ్రరీ సైన్సులో డిగ్రీ), ఇంకో ఏడాది ఎంఎల్‌ఐఎస్సీ (అందులోనే పీజీ). అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనూ, ఇగ్నోలోనూ ఉద్యోగం చేసుకుంటూ చదవొచ్చు. బీఎల్‌ఐఎస్సీతో కేంద్రీయ విద్యాలయాల్లాంటి స్కూళ్లలో లైబ్రేరియన్ పోస్టులకి పోటీపడొచ్చు. ఎంఎల్‌ఐఎస్సీలో 55 శాతం, పైన నెట్ లేదా సెట్ (జాతీయ, రాష్ట్ర స్థాయి అర్హత పరీక్షలు) ఉంటే యూనివర్సిటీలో అసిస్టెంట్ లైబ్రేరియన్, కాలేజీ లైబ్రేరియన్ పోస్టులకి అర్హత. ఏడో వేతన సంఘం స్కేలులో వాళ్ల మొదటి మూలవేతనం 57,700, అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో సమానం. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రావన్నది కూడా నిజమే, వచ్చినా పోస్టులు తక్కువే. అందుకే దీన్ని ఒక్కదాన్నే నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దు.

పరిశోధన గురించి రెండు ముక్కలే. జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి జాతీయ పరీక్ష ద్వారా ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 ఫెలోషిప్, చెడ్డ డబ్బేమీ కాదు. కానీ పీహెచ్‌డీ అంటే ఒకే సాలెపురుగుతో అయిదారేళ్లు కాపురం. నెలకో సబ్జెక్టు మార్చే పిల్లకి అది నప్పుతుందా అన్నది నా అనుమానం. నా అనుమానం తప్పు కావచ్చు, తననే అడగండి.

ఇంకోటి ఉంది, డబ్బు పరంగా నేను గట్టిగా హామీ ఇవ్వలేను గానీ చెప్పకుండా ఉండలేను. మీ అమ్మాయి తెలుగు ఎలా రాస్తుంది? 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, మరికొందరు కలిసి హైదరాబాద్‌లో విజ్ఞానచంద్రికా మండలి పెట్టి చరిత్ర, సైన్సు పుస్తకాలు తెలుగులో వేయడం మొదలుపెట్టారు. నూట ఇరవై ఏళ్లయింది. ఈరోజుకీ సాలెపురుగుల మీద పెద్దలు చదవదగ్గ పుస్తకం తెలుగులో ఒకటివ్వమంటే షాపువాడు తల గోక్కుంటాడు. మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ కింద 2008 నుంచి నేషనల్ ట్రాన్స్‌లేషన్ మిషన్ నడుస్తోంది, యూనివర్సిటీ స్థాయి పుస్తకాల్ని మన భాషల్లోకి తేవడమే దాని పని. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనువాద అధ్యయనాలకి ఒక విభాగమే ఉంది. సైన్సూ తెలుగూ రెండూ తెలిసినవాళ్లు దొరక్క ఇబ్బందిపడే రంగం ఇది. దీంతోనే ఇల్లు గడుస్తుందని చెప్పను. ఎడిటింగ్ ఉద్యోగం పక్కన పెట్టుకుని చేస్తే మాత్రం పదేళ్లలో పేరొస్తుంది.

ఇక మీ బ్యాంకు కోచింగ్ సంగతి. ఫీజు కట్టారో లేదో మీరు రాయలేదు. కట్టకపోతే ఆగండి. కట్టేసుంటే మాత్రం ఆ పిల్లని గుంజుకుపోయి కూర్చోబెట్టకండి, ఇష్టం లేకుండా రాసే పరీక్షకి ఏళ్లు పోతాయి. నేనైతే ఇలా చేస్తాను: పరీక్షలు అయ్యేదాకా పుస్తకాల మీద పోట్లాట ఆపేసి, వేసవిలో ఏదో ఒక ప్రచురణ సంస్థలో రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కి, జీతం ఇచ్చినా ఇవ్వకపోయినా, పంపిస్తాను. హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చు కోచింగ్ ఫీజు కంటే ఎక్కువేమీ కాదు. అక్కడ ప్రూఫులు దిద్ది దిద్ది కళ్లు మండాక కూడా ఇదే పని కావాలంటే, జులై సెషన్‌లో ఇగ్నో డిప్లొమాకో బీఎల్‌ఐఎస్సీకో కట్టండి, ఉద్యోగం పక్కనే వెతుక్కుంటుంది. వద్దనుకుంటే బ్యాంకు పరీక్షలు ఏటా వస్తూనే ఉంటాయి, వయసు ఎక్కడికీ పోదు.

ఇంటర్న్‌షిప్‌కి మెయిల్ రాసేటప్పుడు "నాకు పుస్తకాలంటే ప్రాణం" అని మొదలుపెట్టొద్దని చెప్పండి. వాళ్లు వేసిన పుస్తకం ఒకటి చదివి, అందులో తనకి కనిపించిన రెండు తప్పులు పేజీ నంబర్లతో సహా, వినయంగా రాయమనండి. ఆ మెయిల్‌కి జవాబు వస్తుంది.