ఆదివారం కారు విప్పే ముందు ఇది చదువు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు. కొత్త స్టీరియో నువ్వే బిగిస్తూ పసుపు వైరూ నల్ల వైరూ కలిపేశావట, టప్‌మని మెరుపు వచ్చిందట, అప్పట్నుంచి లోపలి లైటూ గడియారమూ పనిచేయట్లేదట. మెకానిక్‌ని పిలుస్తానంటే వద్దని, ఆదివారం నేనే విప్పి చూసుకుంటానన్నావట. వినగానే ఎంత సంతోషం వేసిందో! మన ఇంట్లో నా తర్వాత బానెట్ ఎత్తి చేతులు పెట్టేది నువ్వొక్కదానివే. కానీ ఫోన్ పెట్టేశాక రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు నీ టెన్షన్ తగ్గించే మాట చెబుతాను. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ స్టార్ట్ అవుతోంది అన్నావట కాబట్టి బ్యాటరీకీ మెయిన్ ఫ్యూజుకీ ఏమీ కాలేదు. స్టీరియో పసుపు వైరులో తాళం తీసేసినా కరెంటు ఉంటుంది, మెమరీ పోకుండా. చాలా కార్లలో లోపలి లైటు, గడియారం కూడా అదే ఫ్యూజు మీద ఉంటాయి. నువ్వు దాన్ని నల్ల వైరుకి, అంటే ఎర్త్‌కి తగిలించావు, ఫ్యూజు పోయింది. దాని పని అది చేసింది.

ఉంగరం, గాజులు, వాచీ తీసేయి. బ్యాటరీ నెగటివ్ ముందు విప్పు, బిగించేటప్పుడు అది చివర. స్టీరియో పక్కన పెట్టి ఒక్కో వైరు కొనకీ విడివిడిగా టేపు చుట్టు. పసుపు రంగు కనెక్టర్లు, పసుపు గొట్టంలో నుంచి వచ్చే వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి అస్సలు పోవద్దు. మల్టీమీటర్ ఎర్ర తీగ ఆంపియర్ల రంధ్రంలో మర్చిపోయి బ్యాటరీ మీద పెట్టకు, నేరుగా షార్ట్ అవుతుంది.

ఫ్యూజుల పెట్టె మూత మీద బొమ్మ చూసి, ఎంత నంబరుంటే అంతే వెయ్యి. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. కొత్తది కూడా పోయిందనుకో, అక్కడే ఆగు. తల్లీ, అక్కడ ఆగకపోతే ఏమవుతుందో నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు.

నా కుడి అరచేతిలో మచ్చ చూసి చిన్నప్పుడు అడిగేదానివి గుర్తుందా, పొయ్యి దగ్గర కాలిందని చెప్పేవాణ్ణి. అది అబద్ధం. నీకప్పుడు నాలుగేళ్లు. పాత కారుకి ఫాగ్ ల్యాంపులు నేనే బిగించాను, ఒక్కొక్కటి 55 వాట్లవి రెండు. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి డబ్బా) పెట్టలేదు, బ్యాటరీ నుంచి సన్నటి వైరు లాగి, ఇంజిన్‌కీ లోపలికీ మధ్య ఉండే రేకులో కంత చేసి స్విచ్చికి తెచ్చాను. ఆ కంతకి రబ్బరు వాషరు వెయ్యలేదు. వారానికి 10 ఆంపియర్ల ఫ్యూజు పోయింది. రెండు ల్యాంపులూ కలిపి తొమ్మిది ఆంపియర్ల పైనే లాగుతాయి కదా, చిన్నది వేశానేమో అనుకుని 15 వేశాను. అదీ పోయింది. విసుగొచ్చి 30 వేశాను. ఇక పోలేదు, బాగుచేశాననుకున్నాను. నిజానికి రేకు అంచు ఆ వైరు తోలుని రోజూ కొంచెం కొంచెం కోస్తూ ఉంది. ఒక వానరాత్రి, వెనక సీట్లో నువ్వు నిద్రపోతున్నావు, ముందు చేదు వాసన వచ్చింది, ఆ వెంటనే డాష్‌బోర్డు కింద నుంచి తెల్లటి పొగ. కారు ఆపి నిన్ను ఎత్తుకుని దూరంగా చెట్టు కింద దించి పరిగెత్తుకొచ్చాను. నెగటివ్ నట్టు తుప్పు పట్టి కదల్లేదు, స్పానర్ డిక్కీలో సామాన్ల అడుగున ఎక్కడో ఉంది. కాలుతున్న వైరుని ఉత్త చేత్తో పట్టి లాగేశాను. తోలు కరిగి చేతికి అంటుకుపోయింది. నువ్వు చెట్టు కింద నిలబడి ఏడుస్తున్నావు. ఆ పొగ వాసన ఇప్పటికీ నాకు అప్పుడప్పుడూ నిద్రలో వస్తుంది. 30 ఫ్యూజు పోయే లోపు ఆ సన్నటి వైరే ఫ్యూజయిపోయింది.

అందుకని పెద్ద ఫ్యూజు, రాగి పోగు, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం, ఇవేవీ నీ చేతుల్లోకి రాకూడదు. ఒట్టు వెయ్యమంటాను. రెండో ఫ్యూజు పోతే ఇలా చెయ్యి. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు అతికించి, ఆ ఫ్యూజు ఉండే చోట పెట్టి, అప్పుడు నెగటివ్ తగిలించు. తలుపులు మూసి, లోపలి లైటు స్విచ్చి ఆపేసి చూడు. షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, కానీ రెండు ఆంపియర్లు కూడా దాటనివ్వదు కాబట్టి వైరు వేడెక్కదు. బల్బు మీద ఓ కన్నుంచి, స్టీరియో వెనక వైర్లని ఒక్కొక్కటే మెల్లగా కదుపు, కనెక్టర్లు ఒక్కొక్కటే ఊడదియ్యి. ఎక్కడ చెయ్యి పెడితే బల్బు ఆరిపోతుందో అక్కడే తప్పుంది. పోయిన వైరు చూస్తే నీకే తెలుస్తుంది, తోలు మెరుస్తూ ఉబ్బి ఉంటుంది. దాన్ని టేపుతో కప్పెట్టకు, కత్తిరించి కొత్త ముక్క అతుకు.

ఫ్యూజు నిలబడినా లైటు రాకపోతే లోపల కంట్రోల్ బాక్సు దెబ్బతిని ఉండొచ్చు, అప్పుడు ఎలక్ట్రీషియన్‌కి చూపించడంలో నామోషీ ఏమీ లేదు.

నెగటివ్ నట్టు ముందు రోజే ఓసారి వదులు చేసి చూసుకో. చాలా కార్లకి 10 నంబరు స్పానర్ సరిపోతుంది, అది పనయ్యేదాకా నీ జేబులోనే ఉండాలి. మంటలార్పే పొడి సిలిండర్ చేతికందేంత దూరంలో పెట్టుకో. నాన్నని పక్కనే నిలబడమను, వాడికేమీ తెలియకపోయినా ఫర్వాలేదు.

బల్బు పెట్టగానే నాకు వీడియో కాల్ చెయ్యి. పొద్దున్నే లేచి ఫోన్ పట్టుకుని కూర్చుంటాను.

మీ పెదనాన్న