యువ రచయితకు: ముందు చట్టం చదువు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా మద్యనిషేధం మీద నువ్వు పంపిన వ్యాసం రాత్రే చదివాను. 1873 డిసెంబరు చలిలో ఒహాయో రాష్ట్రం హిల్స్‌బరోలో ఆడవాళ్లు గుంపుగా సారా కొట్లలోకి వెళ్లి మోకరిల్లి ప్రార్థనలు చేసిన పేరా బాగుంది. కానీ పేజీ తిప్పగానే "1920 నుంచి అమెరికాలో తాగడం నేరమైంది" అన్నావు. అక్కడ నాకు ఒళ్లు మండింది.

తాగడం నేరం కాలేదు నాయనా. 18వ రాజ్యాంగ సవరణ ఆపింది తయారీని, అమ్మకాన్ని, రవాణాను, ఎగుమతి దిగుమతులను. ముందే కొని ఇంట్లో దాచుకున్న సీసాను ఇంట్లోనే తాగితే అడిగే దిక్కులేదు. డబ్బున్నవాళ్లు నిషేధం అమల్లోకి రాకముందే నేలమాళిగలు నింపేసుకున్నారు. డాక్టరు చీటీ రాస్తే మందుల షాపులోనే విస్కీ ఇచ్చేవారు. ఈ మినహాయింపులన్నీ ఆ సవరణను అమలుచేయడానికి తెచ్చిన వోల్‌స్టెడ్ చట్టంలోనే ఉన్నాయి. అది చదవకుండా ఈ కథ రాయకూడదని నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను.

నువ్వేమో సగం వ్యాసం దొంగసారా ముఠా నాయకుడు అల్ కపోన్‌కి ధారపోశావు. తుపాకులు, టోపీలు అందరూ రాసేవే. జమైకా జింజర్ గురించి ఒక్క ముక్కైనా లేదేం? అది అల్లంతో చేసిన మందు, నిండా ఆల్కహాలే. చిన్న సీసా కాబట్టి బీదవాళ్లు కొనుక్కునేవారు. ఎవరూ తాగలేనంత ఘాటుగా ఉండాలని అందులో అల్లం సారం ఇంత ఉండాలన్నారు అధికారులు. అల్లం తగ్గించి కూడా పరీక్షలో గట్టెక్కాలని కల్తీదారులు ఒక రసాయనం కలిపారు. అది నరాలను తినేసింది. 1930లో వేలమందికి పాదాలు పడిపోయాయి. వేళ్లు ముందు టపామని నేలకు కొట్టుకుని, మడమ తర్వాత తాకుతూ నడిచేవారు. ఒక నిబంధన మనిషి కాలిదాకా ఎలా వచ్చిందో చూడు. నీకు దొరకవలసిన కథ అది.

డబ్బు సంగతి కూడా నువ్వు వదిలేశావు. 1913లో ఆదాయపు పన్ను వచ్చాకే మద్యం సుంకం లేకుండా ఖజానా నడుస్తుందన్న ధైర్యం కలిగింది. ఆర్థిక మాంద్యంలో ఆ పన్ను రాబడి పడిపోయేసరికి సుంకం మళ్లీ గుర్తొచ్చింది. 1933 డిసెంబరు 5న నిషేధం ఎత్తేయడానికి అదీ ఒక కారణం. మన దగ్గరా అంతే కదా. 1995లో పెట్టిన సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించినప్పుడు వినిపించిన మాట ఖజానా గురించే.

1992లో దూబగుంట ఆడవాళ్ల పోరాటం ఊరూరా పాకుతున్నప్పుడు నెల్లూరు జిల్లా తిరిగి, సారా వేలంపాట ఎలా జరుగుతుందో, పాటదారు ఎంత కడతాడో, ఆ సొమ్ము ఎవరి దగ్గర రాబడతాడో రాసుకొచ్చాను. ఒక వారపత్రిక సంపాదకుడు వేలంపాట భాగమంతా కొట్టేసి, ఆడవాళ్ల కన్నీళ్లు మాత్రం అచ్చేశాడు. ఆ ఆడవాళ్లు అడ్డుకున్నదే వేలంపాటను! వాళ్లకు తెలిసింది ఆయనకు తెలియలేదు. ఆ కోత మీద కోపం నాకింకా చల్లారలేదు. ఇప్పుడూ పత్రికలకు గుండె కరిగించే రాతలే కావాలి, లెక్కలు అక్కర్లేదు.

ఏ పత్రికకు పంపాలన్న సంగతి తర్వాత. కపోన్‌ని ఒక పేరాకి కుదించు. హిల్స్‌బరో అలాగే ఉంచు. వోల్‌స్టెడ్ చట్టం మొత్తం చదివి, జమైకా జింజర్ తాగిన మనిషి వైపునుంచి రెండో భాగం తిరగరాసి నాకు పంపు.