ఆవు చూడి కడుతుంది, అండం ఫలదీకరణం చెందుతుంది

సందేహం: రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదువుతున్నాను. పాడి రైతుల కోసం తయారుచేసిన కరపత్రంలో ‘వీర్యకణంలోని ఎంజైములు ఆవును ఫలధీకరిస్తాయి’ అని రాశాను. మా మేడమ్ ఆ వాక్యం మొత్తానికి ఎర్రగీత పెట్టారు. తప్పు ఎక్కడుందండీ? ఎంజైమును ‘కిణ్వం’ అనాలా?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

సమాధానం: తప్పు ఒక అక్షరంలో ఉందమ్మా. అంతకంటే పెద్ద తప్పు కర్తకర్మల్లో ఉంది.

అక్షరం సంగతి ముందు తేల్చేద్దాం. అందులో ‘ధ’ లేదు, ‘ద’ ఉంది. ఫలద అంటే ఫలాన్నిచ్చేది. శుద్ధం కానిదాన్ని అలా చేయడం శుద్ధీకరణ అయినట్టే, ఫలదం కానిదాన్ని అలా చేయడం ఫలదీకరణ. ఒత్తు పెడితే ఆ ‘ఫలద’ కనిపించకుండా పోతుంది.

ఇక అసలు విషయం. ఫలదీకరణం చెందేది అండం, ఆవు కాదు. అండవాహికలో ఒక శుక్రకణం, ఒక అండం కలిసిపోవడమే ఫలదీకరణం. ఆవుకు మన రైతులు ఎప్పుడో మాట పెట్టారు: చూడి. ‘ఆవు చూడి కట్టింది’, చేవెళ్ల వైపు వెళ్తే ‘బర్రె సూడి కట్టింది’. మనిషికి చూలు, పశువుకు చూడి అని వేరుచేసి చెప్పుకున్న భాష మనది. పైగా ఈ రెండూ ఒకటి కావు. అండం ఫలదీకరణం చెందినా పిండం నిలవకపోవచ్చు. అప్పుడు ఆవు 21 రోజులకో, ఇంకొంచెం ఆలస్యంగానో మళ్లీ ఎదకు వస్తుంది. రైతు ‘పొర్లింది’ అంటాడు. మీ వాక్యం చదివితే ఆ రైతుకు ఈ తేడా తెలియదు.

ఎంజైములు ‘ఫలదీకరిస్తాయి’ అనడమూ సరికాదు. శుక్రకణం తలమీద టోపీలాంటి చిన్న సంచి ఉంటుంది. దాని పేరు ఆక్రోసోమ్. ఎంజైములు అందులో ఉంటాయి. అండం చుట్టూ ఉన్న కణాలను పట్టి ఉంచే జిగురును హయలురోనిడేజ్ అనే ఎంజైము సడలిస్తుంది. అండాన్ని కప్పిన గట్టి పొర దగ్గర పనిచేసేది అక్రోసిన్. అయితే అక్రోసిన్ లేని ఎలుకల్లో కూడా శుక్రకణాలు ఆ పొరను దాటగలిగాయని 1994లో తేలింది. తోక కదలికకూ ఇందులో పెద్ద పాత్రే ఉంది. కాబట్టి ఎంజైములు ‘దారి ఇస్తాయి’, ‘తోడ్పడతాయి’ అనండి. కలిసేది శుక్రకణం.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన మాట ఒకటి చెబుతాను. శుక్రకణం లోపలికి వెళ్లగానే అండాన్ని చేరి పని చేయలేదు. ఆవు గర్భాశయంలో, అండవాహికలో కొన్ని గంటలు గడిపాకే ఆ శక్తి వస్తుంది. 1951లో చాంగ్, ఆస్టిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా కనిపెట్టిన సంగతి ఇది. పుస్తకాల్లో దీన్ని ‘సామర్థ్యం పొందడం’ అంటారు. నేనైతే ‘పదునుకు రావడం’ అంటాను. వాన పడ్డాక నేల పదునుకొచ్చేదాకా రైతు విత్తడు. పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం ఎదకొస్తే మర్నాడు పొద్దున సూది (కృత్రిమ గర్భధారణ) వేయించమని డాక్టర్లు చెప్పేటప్పుడు ఈ గంటల లెక్క కూడా అందులో ఉంటుంది. అది చెప్పడానికి పదును కన్నా దగ్గరి మాట దొరకదు.

కిణ్వం వద్దు. సంస్కృతంలో కిణ్వమంటే కల్లు, సారాలాంటివి పులియబెట్టడానికి వాడేది. గ్రీకు మూలంలో ఎంజైమ్ అన్నా ‘పులుపు పిండిలో ఉన్నది’ అనే. అర్థాలు దగ్గరివే, కానీ కిణ్వం అంటే ఇప్పటి చదువరికి పులియడమే గుర్తొస్తుంది. ఎంజైమ్ అనే మాట బళ్లో విన్నదే, అలాగే ఉంచండి. వీర్యకణం తప్పు కాదు. కానీ ద్రవానికి వీర్యం, కణానికి శుక్రకణం అని విడదీస్తే, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాచిన వీర్యం స్ట్రాను (సన్నని గొట్టాన్ని) సరిగా కరిగించకపోతే ఏం చెడుతుందో తేలిగ్గా చెప్పొచ్చు: శుక్రకణాల టోపీ దెబ్బతిని ఎంజైములు ముందే కారిపోతాయి.

మీ వాక్యం ఇలా మార్చండి: ‘శుక్రకణం తలలోని ఎంజైములు అండం చుట్టూ ఉన్న పొరల్లో దారి చేసుకోవడానికి తోడ్పడతాయి. శుక్రకణం కలిస్తే అండం ఫలదీకరణం చెందుతుంది. పిండం నిలిస్తే ఆవు చూడి కడుతుంది.’