వెల్డింగ్‌లో 1.2 మి.మీ. ఫ్లక్స్ కోర్డ్ వైరుకు (లోపల ఫ్లక్స్ పొడి నింపిన వైరు) ఎన్ని వోల్టులు పెట్టాలి?

సీఓటూ గ్యాస్‌తో, నిలువు జాయింటు కింది నుంచి పైకి వేసేటప్పుడు నేను 190 ఆంపియర్లు, 24 వోల్టుల దగ్గర మొదలుపెడతాను. మీరు అడిగింది ఇదే. కానీ టార్చి ప్లేటుకు ఎంత దూరంలో ఉందో చెప్పకుండా వోల్టులు అడగడం వల్లే సగం పనులు పాడవుతున్నాయి.

విశాఖలో ఒక ఫాబ్రికేషన్ షెడ్డులో చేరిన కొత్త. వానాకాలం. 12 మి.మీ. ప్లేటుకు ఫిల్లెట్ (మూలలో వేసే వెల్డు) వేసి, పైన పేరుకున్న స్లాగ్ పొర కొడితే బీడ్ (కరిగి గట్టిపడిన లోహపు పట్టీ) మీద పురుగు పాకినట్టు గీతలు! బీడ్ నున్నగా పరుచుకోవాలని సూపర్‌వైజర్ వోల్టేజీ 28కి పెంచమన్నారు. గీతలు ఇంకా పెరిగాయి. వేసినదంతా గ్రైండింగ్ చేసి తీయడానికే రెండు రోజులు పట్టింది, భుజాలు పడిపోయాయి.

మూడో రోజు పక్క బే నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మెషిన్ వైపు చూడనే లేదు. నేను టార్చి పట్టిన తీరు చూసి, కాంటాక్ట్ టిప్ (వైరు బయటికొచ్చే టార్చి కొస) నుంచి ప్లేటు దాకా స్కేలు పెట్టారు. 10 మి.మీ. కూడా లేదు. "బాబూ, వైరు వేడెక్కడానికి చోటేదీ? 20 ఉంచు" అన్నారు. ఆ తర్వాతే వోల్టేజీ 24కి దించారు. వైరు బయట కాస్త పొడవుగా ఉంటే ఆర్క్‌ను (ప్లేటు దగ్గరి మంటను) చేరేలోపే వేడెక్కి, అందులోని తేమ పోతుంది. దాంతో కరెంటు కొంచెం తగ్గుతుంది, వైర్ స్పీడ్ పెంచి సరిచేసుకోవాలి. వోల్టేజీ మరీ ఎక్కువైతే గ్యాస్ స్లాగ్ కింద చిక్కుకుని ఆ గీతలు పడతాయి. మరీ తగ్గిస్తే వైరు ప్లేటును గుద్దుకుంటూ బీడ్ తాడులా ఉబ్బుతుంది. ఆ రోజు మధ్యాహ్నానికి స్లాగ్ పెంకులా దానంతటదే ఊడివచ్చింది. కింద ఒక్క గీత లేదు.

ఇంకో మాట. సముద్రగాలి తగిలే ఊళ్లో వైరు స్పూల్‌ను రాత్రంతా మెషిన్ మీదే వదిలేసి వెళ్తారు, పొద్దున వైరు కంపెనీని తిడతారు. నాకు ఒళ్లు మండుతుంది. స్పూల్ తీసి కవరులో పెట్టడానికి రెండు నిమిషాలు పట్టదు. ఇక వైరును ముందుకు నెట్టే ఫీడ్ రోలర్లు! వైరు జారుతోందని బిగించేస్తారు. అది లోపల పొడి నింపిన సన్నని గొట్టం, నలిగిపోతుంది. గాట్లున్న రోలర్ వేసి, వైరు జారనంత వరకే బిగించండి.