ఊడిపోయే పళ్ళే కదా అనుకున్నాం

విదేశానికి కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు నన్ను బడుల గురించి, బీమా గురించి వచ్చిన వారంలోనే అడుగుతారు. పిల్లల పళ్ళ గురించి మాత్రం నొప్పి పుట్టాకే అడుగుతారు. వాళ్ళను ఏమనగలను, నేనూ అంతే. మా అబ్బాయికి రెండేళ్ళప్పుడు పై ముందు పళ్ళ మీద, చిగురును ఆనుకుని సున్నం రాసినట్టు తెల్లటి గీత కనిపించింది. పాల మరక అనుకున్నాను. కొన్ని నెలలకు అది గోధుమరంగుకు తిరిగింది. ఆ తెల్లగీతే పుచ్చుకు తొలి గుర్తనీ, అప్పుడే చూపిస్తే ఫ్లోరైడ్ పూతతో ఆగే అవకాశం ఉండేదనీ డాక్టరు చెప్పారు.

కారణం పాలసీసా. నిద్రపుచ్చడానికి నోట్లో పెట్టి వదిలేసేవాళ్ళం. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, పాలలోని చక్కెర పళ్ళను అంటుకునే ఉంటుంది. కింది పళ్ళను నాలుక కాపాడుతుంది కనుక ముందు దెబ్బతినేవి పై పళ్ళే. "ఎలాగూ ఊడిపోయేవే" అని ఫోనులో పెద్దలు ధైర్యం చెప్పారు. ముందు పళ్ళ సంగతి సరే, ఆరేడేళ్ళకు ఊడతాయి. దవడ పాలపళ్ళు పది పన్నెండేళ్ళ దాకా నిలవాలి. అవి ముందే పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగి, రావలసిన పన్నుకు చోటు లేకుండా చేస్తాయి.

మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే రోజుకు రెండుసార్లు తోమండి. మూడేళ్ళ లోపు ఫ్లోరైడ్ పేస్టు బియ్యపు గింజంత చాలు, ఆ తర్వాత బఠాణీ గింజంత. ప్రకటనల్లో బ్రష్షు పొడవునా వేసేది పేస్టు అమ్ముకోవడానికి. ఉమ్మడం నేర్పండి, నీళ్ళతో పుక్కిలించనివ్వకండి. వాడే తోముకుంటున్నాడని మురిసిపోయినా, ఏడెనిమిదేళ్ళ దాకా ఆఖరున మీ చెయ్యి పడాల్సిందే.

ఏడాది నిండేలోగా ఒకసారి డాక్టరుకు చూపించండి. డాక్టరు, మీరు మోకాళ్ళు ఆనించి ఎదురెదురుగా కూర్చుంటారు. బిడ్డ నడుము మీ ఒళ్ళో, తల డాక్టరు ఒళ్ళో. ఏడుస్తుందని జంకకండి, ఏడిస్తే నోరు తెరుచుకుంటుంది!

సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు చూపిద్దామని మేము ఏడాది వాయిదా వేశాం. మీరు ఆ పని చేయకండి. వైద్య బీమాలో పళ్ళు కలవని దేశాలు చాలా ఉన్నాయి, కాబట్టి మీ కాగితాలు ఈ వారమే తీసి చూడండి. పిల్లల పళ్ళ డాక్టరు దగ్గర తారీఖు దొరకడానికే కొన్ని చోట్ల నెలలు పడుతుంది.