ఏడీహెచ్‌డీ: థెరపీకి తిప్పుతున్నా మార్పెందుకు రావట్లేదు?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అని పిల్లల సైకియాట్రిస్టు తేల్చారు. మూడు నెలలుగా వారానికి రెండుసార్లు థెరపీ సెంటర్‌కి తీసుకెళ్తున్నాం. ముప్పావుగంట పూసలు గుచ్చిస్తారు, పజిల్స్ పెట్టిస్తారు. మమ్మల్ని బయట కూర్చోమంటారు. అక్కడ బాగా చేస్తున్నాడట. ఇంటికొచ్చాక హోమ్‌వర్క్ దగ్గర మళ్లీ అదే గొడవ. ఇంకెన్నాళ్లు తిప్పాలి? మందుల్లేకుండా థెరపీతోనే తగ్గుతుందా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మిమ్మల్ని బయట కూర్చోబెట్టడం దగ్గరే చిక్కు వచ్చింది. ఏం చేయాలో ఈ పిల్లలకి తెలుసు. తెలిసింది ఆ క్షణంలో చేయలేకపోవడమే వాళ్ల ఇబ్బంది. పక్కనే ఒక పెద్దమనిషి, ఎదురుగా ఒకే వస్తువు ఉన్న గదిలో చాలామంది పిల్లలు కుదురుగానే ఉంటారు. ఆ కుదురు మీ ఇంటి హోమ్‌వర్క్ దాకా దానంతటదే రాదు. పూసలు గుచ్చితే చేతివేళ్ల పని మెరుగుపడొచ్చు గానీ, దానివల్ల ఏకాగ్రత పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

ఈ వయసులో బాగా రుజువైన థెరపీ పెద్దవాళ్లకి నేర్పేదే. పేరెంట్ ట్రైనింగ్ అంటారు. వారానికొక పద్ధతి నేర్పుతారు, ఇంట్లో చేసి రమ్మంటారు, మరుసటి వారం ఎక్కడ తేడా కొట్టిందో చూసి సరిచేస్తారు. సెంటర్‌లో అడగండి: మమ్మల్ని లోపల కూర్చోనిస్తారా? ఇంట్లో ఏం చేయాలో రాసిస్తారా? ఏ పని మారిందో లెక్క చూపిస్తారా? మూడింటికీ లేదన్న జవాబే వస్తే ఆ ఫీజు ఆపేసి, ఈ ట్రైనింగ్ ఇచ్చే క్లినికల్ సైకాలజిస్టుని వెతకండి. వారికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి.

ఈలోగా ఇంట్లో మొదలుపెట్టదగ్గవి ఇవి. మార్చాలనుకున్న పనులు మూడే ఎంచుకోండి. ‘బుద్ధిగా ఉండాలి’ అంటే లెక్కపెట్టలేం. ‘పిలిచిన ఐదు నిమిషాల్లో పుస్తకం తీశాడు’ అంటే లెక్కపెట్టగలం. ముందు ఒక వారం ఏమీ మార్చకుండా, ఇప్పుడెన్నిసార్లు చేస్తున్నాడో రాసుకోండి. ఐదు రోజుల్లో రెండుసార్లు చేస్తుంటే మొదటి లక్ష్యం మూడే. మొదటి వారంలో గెలవని పిల్లాడు రెండో వారం ఆడడు.

వంటింట్లోంచి కేకేసి చెప్పకండి. దగ్గరికెళ్లి, వాడు మీవైపు చూశాక, ఒక్క పనే చెప్పండి. ‘తీస్తావా?’ అని అడగొద్దు, ‘లెక్కల నోట్‌బుక్ తియ్యి’ అనండి. పది సెకన్లు ఆగండి. తీయగానే ‘చెప్పగానే తీశావు’ అని మెచ్చుకుని, పాయింటు అప్పుడే చార్టు మీద వేయండి. రాత్రి నాన్న వచ్చాక వేస్తే దాని బలం పోతుంది. ఆ పాయింట్లతో ఆరోజే ఏదో ఒకటి దక్కాలి: పావుగంట క్యారమ్స్, రాత్రి కూర వాడి ఇష్టం, అలాంటివి. ‘ఫస్టొస్తే సైకిల్’ అన్న మాట ఈ పిల్లలకి పనిచేయదు. వచ్చే ఏప్రిల్ వాళ్లకి చాలా దూరం.

హోమ్‌వర్క్ పది నిమిషాల ముక్కలుగా చేయించండి. పేజీలో పది లెక్కలుంటే మూడు మాత్రం కనిపించేలా మిగతావి తెల్లకాగితంతో కప్పండి. వంటింటి టైమరు ఎదురుగా పెట్టండి. మొదటి లెక్క అయ్యేదాకా పక్కన కూర్చోండి, ఎందుకంటే వీళ్లకి మొదలుపెట్టడమే కష్టం. మూడు అయ్యాక లేచి నాలుగు నిమిషాలు తిరగనివ్వండి, ఫోన్ మాత్రం ఇవ్వకండి. ఇస్తే తిరిగి లాక్కోవడం ఇంకో గొడవ.

ఇది చెడిపోయే దారులు మాకు బాగా తెలుసు. మారాం చేయడాన్ని పట్టించుకోవడం మానేసిన మొదటి రోజుల్లో ఏడుపు తగ్గదు, పెరుగుతుంది. ‘ఇది పనిచేయట్లేదు’ అని నాలుగో రోజు లొంగిపోతే, ఇంకా గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని మనమే నేర్పినట్టు. పాయింట్లు లేకపోయినా తాతయ్య చాక్లెట్ ఇచ్చేస్తే చార్టుకి విలువుండదు, కాబట్టి మొదటిరోజే ఆయన్నీ కూర్చోబెట్టి చెప్పండి. కోపంలో పాయింట్లన్నీ కొట్టేయకండి. రెండు మూడు వారాలకి బహుమతి పాతబడుతుంది, మార్చండి. కాస్త కుదుటపడగానే చార్టు తీసేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

మందుల మాట. అమెరికాలో 579 మంది పిల్లల మీద 14 నెలలు జరిగి 1999లో వెలువడిన అధ్యయనంలో, జాగ్రత్తగా డోసు సరిచూస్తూ ఇచ్చిన మందు, ఏకాగ్రత, అతిచురుకుదనం విషయంలో ఒక్క ప్రవర్తన థెరపీ కంటే మెరుగ్గా పనిచేసింది. రెండూ కలిపి ఇచ్చిన పిల్లలకి తక్కువ డోసుతోనే సరిపోయింది. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకి రెండూ కలిపి ఇవ్వమనే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ డాక్టరు మందు రాస్తే భయపడి పక్కన పెట్టకండి. ఆకలి, నిద్ర, బరువు, ఎత్తు, బీపీ చూస్తూ ఉండమని అడగండి.

ప్రశ్న: నా తరగతిలో 42 మంది. ఒకబ్బాయికి ఏడీహెచ్‌డీ. వాడొక్కడికే సమయం ఎలా ఇవ్వను?
– ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

జవాబు: రోజుకి మూడు నాలుగు నిమిషాలు చాలు మేడమ్. ఒక చిన్న కార్డు మీద మూడే గీతలు: ‘చెయ్యెత్తి మాట్లాడాడు’, ‘బోర్డు మీది ఐదు వాక్యాలు రాశాడు’, ‘సీట్లో ఉన్నాడు’. పీరియడ్ అయ్యాక ఒక్కో దానికి టిక్కో సున్నానో వేసి ఇంటికి పంపండి. బహుమతి ఇచ్చేది ఇంట్లోవాళ్లు. నాలుగింట మూడొంతులు టిక్కులు వచ్చేంత తేలికగా లక్ష్యం పెట్టండి. అన్నీ సున్నాలొచ్చిన కార్డు ఇంటికి చేరదు, దారిలోనే చిరిగిపోతుంది. కిటికీకి, తలుపుకి దూరంగా మీ బల్ల ముందు కూర్చోబెట్టండి. డస్టరు తెమ్మనడం, నోట్‌బుక్కులు పంచమనడం వాడికే అప్పగిస్తే లేవడానికి ఒక అనుమతి దొరుకుతుంది. గేమ్స్ పీరియడ్ మాత్రం శిక్షగా కోయకండి. ఆ పరుగు తర్వాతే వాడు కాస్త కూర్చోగలడు.

ప్రశ్న: మా పాపకి ఐదేళ్లు. అప్పుడే మందు వాడాలా? తీపి ఎక్కువ తినడం వల్లే ఇలా అంటున్నారు.
– ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: ఈ వయసులో ముందు పేరెంట్ ట్రైనింగే. అది సరిగా చేసి చాలకపోతేనే మందు ఆలోచిస్తారు. తీపి వల్ల ఏడీహెచ్‌డీ రాదు. ముద్ర వేసేముందు వినికిడి, చూపు, నిద్ర, రక్తహీనత చూపించండి. జిల్లా ఆసుపత్రుల్లోని డీఈఐసీల్లో (పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొలిదశలోనే చూసే కేంద్రాలు) అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.